గులకనేల ద్రాక్ష నురగ

మా పెద్దమ్మ పోయిందని మొన్న ఎమ్మిగనూరు నుంచి కబురొచ్చింది. ఏడుస్తూనే ఆదోనిలో బస్సెక్కాను. ఊరు దాటేసరికి ఆమె ద్రాక్ష పందిరి గుర్తొచ్చి నవ్వొచ్చేసింది. పక్క సీటావిడ అదోలా చూసింది. ఏం చేయను, పెద్దమ్మను తలచుకుంటే నాకు నవ్వే ముందొస్తుంది.

ఎనభైల మొదట్లో, చుట్టుపక్కలంతా పత్తీ వేరుశనగా వేస్తుంటే, ఆమె తమ చేనిలోని గుట్టకు తూర్పు వాలున, గులకరాళ్ల ఎర్రనేలలో ద్రాక్ష నాటింది. పెదనాన్నకు ఒళ్లు మండింది.

"రాళ్లలో ద్రాక్ష యాడ పండుతాదే?" అంటూ గుట్టకు అవతల, బావి పక్క నల్లరేగడిలో తానూ ఒక పందిరి వేశాడు. అక్కడ పొద్దున గుట్ట నీడ, మధ్యాహ్నం నుంచి నిప్పులు చెరిగే ఎండ.

రెండూ కాపుకొచ్చిన ఏడు తేల్చి చెప్పాడు. "ఉగాదికి సుట్టాలకు రసం పోద్దాం. నీది బాగలేదన్నారంటే పందిరి పీకి సెనక్కాయ బుడ్డలేస్తా."

"సరేలే" అంది గానీ, పెద్దమ్మకు ఆ వారమంతా అన్నం సయించలేదు. కడవలతో నీళ్లు మోసి బతికించుకున్న తీగ మరి.

ఆయన కాయలు లావు. ఈమెవి చిన్నవి, తోలు గట్టివి. వాటిని బాగా తీపెక్కకముందే కోసింది.

"నీళ్లు తాగిన కాయ లావైతాది, రుచి పలచనైతాది. పొద్దుటెండ కాయను పండిస్తాది, మాపటెండ ఉడకబెడతాది. నురగకు పులుపుండాలమ్మీ" అంది నాతో. ఎండను చూడటం నాకు నేర్పింది ఆమే. ఇప్పటికీ అద్దె ఇల్లు చూడబోతే పొద్దుటెండ ఎటొస్తుందని అడుగుతాను.

కిందటేడు తన తొలి కాపులో మరిచిపోయిన రసం కుండలో పొంగితే, ఆమె తాగి చూసి కనిపెట్టిన విద్య ఈ నురగ. ఈసారి ఇద్దరి రసాన్నీ గోలీసోడా సీసాల్లో పోసి తలకిందులుగా నిలబెట్టింది. లోపల పుట్టిన గాలికి గోలీలు మూతికి బిగుసుకున్నాయి.

ఉగాది నాడు ముందుగా పెదనాన్న రసం ఉన్న సీసా గోలీ కొట్టి తెరిచారు మావాళ్లు. నాలుగు బుడగలొచ్చి ఆగిపోయాయి. ఉత్త తీపి నీళ్లు. పెద్దమ్మ రసం ఉన్న సీసా కొట్టగానే నురగ చిమ్మి మా మామ కొత్త పంచె తడిసింది. గ్లాసులో సన్నటి బుడగలు లేస్తూనే ఉన్నాయి. నిష్ఠాపరుడైన మా తాత "ఇది సారాయి గాదు గదా?" అని అడిగి, జవాబు వినకముందే గ్లాసు ఖాళీ చేసి మళ్లీ చాపాడు. పెదనాన్న మాత్రం తాగి, మీసం తుడుచుకుని, లేచి బయటికి వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున్నే ఆయన గడ్డపార తీసుకుని చేనికి పోయాడని తెలిసి, పెద్దమ్మ చెప్పుల్లేకుండా పరిగెత్తింది. వెనకే నేను. ఆమె పందిరి అలాగే ఉంది. పెదనాన్న బావి దగ్గరి తన పందిరి గుంజలు పెరికి, భుజానేసుకుని గుట్ట దాటి ఇటు దిగుతున్నాడు.

"సూస్తాండావేమి? ఇంకో వరస యాడ పాతాలో సెప్పు" అన్నాడు.

పెద్దమ్మ కొంగు నడుముకు బిగించి, అప్పుడే ఎండ తాకుతున్న గులకరాళ్ల మధ్య కాలి బొటనవేలితో ఒక పొడుగాటి గీత గీసింది.