నీళ్లకు ఎంత?

మొన్న రైలు డోర్నకల్ దాటుతుంటే కిటికీలోంచి ఉడికిన వడ్ల వాసన కొట్టింది. తడి ఊకా, ఆవిరీ కలిసిన ఆ వాసన ముక్కుకు తగలగానే లేచి తలుపు దాకా పోయాను. వచ్చి కూర్చున్నాను. మళ్లీ లేచాను. "డెబ్బై దాటినా ఈ మనిషికి కాలు నిలవదు" అని నా భార్య విసుక్కుంది. నిజమే. నా కాలు ఏనాడూ ఒకచోట నిలిచింది కాదు. దాన్ని ఒక్కసారైనా నిలబెట్టినవాడు వీరన్న.

మాది జనగామ. అరవైతొమ్మిది తెలంగాణ ఉద్యమంలో అందరితో పాటు నేనూ రోడ్డెక్కాను. చదువు ఏడాది ఆగింది. తిరిగినందుకు ఈనాటికీ చింత లేదు గానీ, పోయిన ఆ ఏడాది మాత్రం పళ్లలో ఇరుక్కున్న పీచులా సలుపుతూనే ఉండేది. లోకమంతా ముందుకు వెళ్లిపోయిందనీ, నేనొక్కడినే వెనకబడ్డాననీ ఒకటే ఆరాటం. డిప్లొమా చేతికి రాగానే డోర్నకల్ దగ్గర ఒక ఉప్పుడు బియ్యం మిల్లులో చేరాను. నెల రోజులు చూసి, పనికొస్తే ఉంచుకుంటానన్నాడు యజమాని. అక్కడి బాయిలర్ వీరన్న చేతిలో ఉండేది. రైలింజన్లలో బొగ్గు వేసి వేసి రిటైరైన మనిషి, చదివింది ఏడో తరగతి. బాయిలరుతో వచ్చిన పాత ఇంగ్లీషు పుస్తకాన్ని కూడబలుక్కుంటూ మొత్తం నేర్చేశాడు. నన్ను "డిప్లొమా సారూ" అనేవాడు. అందులో ఎగతాళి ఎంతో, ముద్దు ఎంతో నాకు అంతుపట్టేది కాదు.

నేను అన్నం తినే వేగం చూసి ఒకసారి అడిగాడు. "యాడికి ఉరుకుతున్నవ్ సారూ?"

"ఏడాది పోయింది వీరన్నా. అందుకోవద్దా?"

"పోయిన ఏడాది ఎనక ఉన్నది. నువ్వేమో ముందటికి ఉరుకుతున్నవ్. ఎట్ల దొరుకుతది?"

నాకు ఒళ్లు మండింది. ఇంజను డ్రైవరు పక్కన పార పట్టినవాడు నాకు చెప్పొచ్చాడా అనుకున్నాను. ఇప్పుడు రాయడానికి సిగ్గుగా ఉంది.

వడ్లు నానబెట్టే తొట్టిలోకి వేడినీళ్లు ఎంత వేడిమీద వదలాలో వీరన్నకు ఒక గుర్తు ఉండేది. పాత ఫారన్‌హీటు మీటరు మీద అంకెలన్నీ చెరిగిపోయాయి. మేకుతో గీసిన గీత ఒక్కటే మిగిలింది. ఆ మీటరు కూడా చెడిపోయి, దాని స్థానంలో సెంటీగ్రేడు థర్మామీటరు వచ్చింది. కొత్త అంకె లెక్కగట్టమని యజమాని నాకు చెప్పాడు. ఆ రోజు వీరన్న మొక్కు తీర్చుకోవడానికి కురవి గుడికి వెళ్తూ, "నేనొచ్చేదాక వాల్వు ముట్టకు" అని మరీ చెప్పి వెళ్లాడు. నేనా ఆగేవాణ్ణి?

ఒక పౌండు వస్తువును ఒక డిగ్రీ వేడెక్కించడానికి ఎంత వేడి కావాలో చెప్పేదే విశిష్టోష్ణం. వీరన్న ఇంగ్లీషు పుస్తకంలో ఫారన్‌హీటు లెక్కన వడ్లకు 0.4 అని ఉంది. సెంటీగ్రేడు డిగ్రీ పెద్దది కదా అని దాన్ని 1.8తో గుణించి 0.72 చేశాను. నీళ్లకు ఒకటే అని బడిలోనే చదువుకున్నాను, దాన్ని ముట్టుకోలేదు. చల్లటి వడ్ల మీద పోశాక తొట్టి డెబ్బై డిగ్రీల దగ్గర నిలవాలంటే నీళ్లు తొంభై నాలుగు డిగ్రీలుండాలని తేలింది. కాచి, వాల్వు తిప్పాను.

తొట్టిలో ఉన్నవి మల్లవ్వ అనే రైతామె మిల్లుకు తెచ్చిన వడ్లు. ఇంటిల్లిపాదికీ ఏడాది తిండి అవే. ఆమె గోడవారగా గోనెసంచి మీద కూర్చుని చూస్తోంది.

అంతలో వీరన్న వచ్చాడు. నుదుటి విభూతి ఇంకా చెదరలేదు. ఆవిరిలో చెయ్యి పెట్టి చూసి, ఒక్క ఉరుకున వాల్వు కట్టేశాడు. తిట్టలేదు. నా కాగితం తీసుకుని చదివాడు.

"వడ్లను గుణించినవ్. నీళ్లను ఎందుకు గుణించలే?"

"నీళ్లకు ఒకటే కదా!"

"గీ ఇంగ్లీషు బుక్కుల నీళ్లకు ఎంత రాసిండ్రు?"

చూశాను. అక్కడా ఒకటే.

"ఫారన్‌హీటుల ఒకటే, సెంటీగ్రేడుల ఒకటే. మరి వడ్లేం పాపం చేసినయ్ సారూ? డిగ్రీ పెద్దగైంది, సరే. వేడిని కొలిచే మానిక ఏంది? పౌండు నీళ్లను ఒక్క డిగ్రీ కాపేదే కద మానిక! డిగ్రీ పెరిగితే మానిక గూడ గంతే పెరుగుతది. ఇగ అంకె ఎందుకు మారుతది?"

మళ్లీ లెక్కవేస్తే ఎనభై మూడు వచ్చింది. కానీ తొట్టి అడుగున రెండు గంపల వడ్లు ఆ వేడికి అప్పటికే పగిలిపోయాయి. ఆ బియ్యం వండితే ముద్దవుతుంది. మిగతా వాటిలో కలిపేస్తే ఎవరికీ తెలియదు. నా నోట ఆ మాట రాకముందే వీరన్న నా మొహం చదివేశాడు.

"పో. అవ్వకు చెప్పు."

"వీరన్నా, యజమానికి తెలిస్తే నా పని..."

"పో అంటున్న."

వెళ్లాను. పారిపోవాలని ఉంది, కాళ్లు రాలేదు. నిలబడి చెప్పాను. మల్లవ్వ లేచి వచ్చి తొట్టిలోకి తొంగి చూసింది.

"చెప్పినవ్, మంచిగైంది బిడ్డా. చెప్పకుంటే బువ్వ నోట్లె పెట్టినంక మాకు తెల్వదా?"

మిల్లు నాకిచ్చే నెల బియ్యం ఆమెకిచ్చి, ఆ పగిలిన వడ్ల బియ్యం నేను ఉంచుకున్నాను. వీరన్న రోజూ వచ్చి నాతో కూర్చుని ఆ జిగురు ముద్దే తిన్నాడు. నెలాఖరుకు యజమాని వీరన్ననే అడిగాడు, పిలగాడు పనికొస్తాడా అని. "తప్పు చేసిండు. ఆమెకు తనే చెప్పిండు. ఉంచుకోరి" అన్నాడు వీరన్న.

తర్వాత భూపాలపల్లి కరెంటు ప్లాంటు దాకా ఎన్నో బాయిలర్ల దగ్గర పనిచేశాను. పౌండ్లు పోయి కిలోలొచ్చాయి, వేడికి కొలతగా జౌళ్లొచ్చాయి, నీళ్ల అంకె కూడా ఒకటి కాకుండా పోయింది. అయినా ఏ లెక్క మొదలుపెట్టినా కాగితం పైన ముందు "నీళ్లకు ఎంత?" అని రాసుకున్నాకే ముందుకు కదిలాను. వీరన్న పోయాడని నాకు ఆలస్యంగా తెలిసింది. చివరిచూపుకైనా అందుకోలేకపోయాను.

మా ఇంట్లో అన్నం ముద్దయిన రోజున నేను పల్లెత్తు మాట అనకుండా తింటాను. నాది మంచితనమని నా భార్య అనుకుంటుంది. కాదు. ఆ ముద్ద నోట్లో పెట్టుకోగానే మళ్లీ మల్లవ్వ ముందు నిలబడతాను. అప్పుడు మాత్రం నా కాళ్లు కదలవు.