గేటు దగ్గర గీకిన కార్డులు

దుబాయ్‌లో ఆడపిల్లలు హాకీ ఆడతారని అక్కడి ఒక కాలేజీలో పనికి చేరేదాకా నాకు తెలియదు. హాకీ అంటే నాకు స్కూల్లో జనరల్ నాలెడ్జ్ ప్రశ్న, అంతే. మెట్రో రైలు వచ్చిన నాలుగైదేళ్ళకు ఆ కాలేజీ స్టూడెంట్ ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం దొరికింది. ఇల్లు షార్జా అల్ నహ్దాలో, కాలేజీ దుబాయ్‌కి ఆ చివర ఎడారి పక్కన. పొద్దున ఆరింటికి కాలేజీ బస్సు, సాయంత్రం ఐదింటికి మళ్ళీ అదే బస్సు. ఆ ఐదింటి బస్సు తప్పితే టాక్సీకి నా ఒక రోజు జీతం పోయేది. పిల్లలకైతే టాక్సీ ఖర్చుతో పాటు ఇంట్లో తిట్లు కూడా.

మ్యాచ్‌లు గురువారం సాయంత్రం నాలుగున్నరకు మొదలయ్యేవి. అంతకంటే ముందు ఎండకు మైదానంలో నిలబడటం ఎవరి తరమూ కాదు. అంటే చూడటానికి వచ్చినవాళ్ళకు దొరికేది సరిగ్గా ఇరవై నిమిషాలు, ఆ తర్వాత బస్సు కోసం పరుగు. ఆడే పిల్లల్ని దింపడానికి ఒక వ్యాన్ ఉండేది, చూసేవాళ్ళకు ఏదీ లేదు. ఈ సంగతి కాలేజీలో బస్సెక్కే ప్రతివాడికీ తెలుసు. బస్సెక్కని వాడు ఒక్కడే, మా డైరెక్టరు. ఆయన్ని మేమందరం అరబ్బీలో ముదీర్ అనేవాళ్ళం, అంటే పెద్దాఫీసరని. ఆయనకు తెల్లటి పెద్ద కారు ఉండేది.

గేటు దగ్గర కార్డు మిషన్ పెట్టుకుని కూర్చోవడం నా పని. వచ్చిన విద్యార్థి ఐడీ కార్డు గీకితే వాడి పేరు మీద రెండు గంటలు పడేవి. డిగ్రీ చేతికి రావాలంటే చదువుతో పాటు ఇలాంటి గంటలు కొన్ని పోగెయ్యాలని రూలు. మొదటి మ్యాచ్‌కు పద్నాలుగు మంది వచ్చారు. ఉన్నదున్నట్టు పద్నాలుగని రాసి పంపాను. మర్నాడే ముదీర్ పిలిపించాడు. మైదానం అద్దె చాలా ఎక్కువ, మ్యాచ్‌కు వందమంది రాకపోతే టీము ఖలాస్, అన్నాడు. టీము పోతే ఆడే పిల్లలకిచ్చే సగం ఫీజు రాయితీ కూడా పోతుందని ఆయన చెప్పలేదు. నాకు తెలుసు, ఆ ఫైళ్ళు నా దగ్గరే ఉండేవి.

ఆ ఫైళ్ళలో ఒకటి గోల్‌కీపర్ పిల్లది. కాగితం ఇరుక్కుపోయిన ప్రింటర్‌ని నేను తిడుతున్నప్పుడు పరిచయమైంది. "దిక్కుమాలిన దానా, నీకేం రోగమొచ్చిందే" అని నేను ప్రింటర్ మీద చెయ్యి చేసుకుంటుంటే కౌంటరు అవతల ఎవరో కిసుక్కున నవ్వారు.

"మీరు తెలుగా అక్కా?"

"లేకుంటే దీన్ని ఇంత మంచిగ ఎవరు తిడ్తరు?"

వరంగల్ నుంచి ఇంత దూరం వచ్చినా నా నోరు మాత్రం మారలేదు. ఆ పిల్లది గోదావరి వైపు. తల్లి ఆస్పత్రిలో నర్సు, తండ్రి లేడు. ఇంటర్నేషనల్ సిటీలో ఒకే గది, అందులో తల్లీకూతుళ్ళు. తల్లి డ్యూటీ నుంచి వచ్చి పడుకునే వేళకు కూతురు కాలేజీకి బయలుదేరేది. "నేను మా అమ్మలాగా నర్సు డ్యూటీలు చెయ్యనక్కా. పీఈటీ టీచర్ని అవుతా. పిల్లల్ని ఎండలో పరిగెత్తించి నేను నీడలో కూర్చుంటా" అనేది. రోజూ మధ్యాహ్నం వచ్చి నా బల్ల మీది బిస్కెట్లు అడక్కుండా తినేసి పోయేది. నాకు ఇద్దరూ మగపిల్లలు. ఆ పిల్ల మీద మమకారం పెరిగిందంటే అబద్ధమేం లేదు.

రెండో మ్యాచ్ రోజున క్లాస్ లీడర్లు నలుగురు వచ్చి, "మేడమ్, మా క్లాసు కార్డులన్నీ గీకేసి పోతాం, బస్సు పోతుంది" అన్నారు. సరే అన్నాను. మూడో మ్యాచ్‌కు మనుషులు కూడా రాలేదు. లీడర్ల చేత రబ్బరు బ్యాండు వేసిన కార్డుల కట్టలు వచ్చాయి. ఒక్కో కట్టలో ముప్ఫై నలభై ఉంటాయి. నేను గేటు దగ్గర కూర్చుని వాటిని ఒక్కొక్కటే గీకాను. నా వెనక గ్యాలరీలో పది మందో పన్నెండు మందో ఉన్నారు. మిషన్‌లో మాత్రం నూట పద్దెనిమిది. ఐదుకు పది నిమిషాలుందనగా మిషన్ సంచిలో పెట్టుకుని నేనూ బస్సుకు పరిగెత్తాను. ఆ సీజనంతా నేను ఒక్క మ్యాచ్ కూడా చివరిదాకా చూడలేదు. ఏదో పుణ్యం చేస్తున్నానని మురిసిపోయేదాన్ని. ఇప్పుడు గుర్తొస్తే నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

ఆ అంకెలు నోటీసు బోర్డులో పెట్టేవారు. నూట పద్దెనిమిది, నూట ఇరవై నాలుగు, నూట ముప్ఫై. టీము నిలబడింది. గోల్‌కీపర్ పిల్ల బోర్డుకు ఫోటో తీసి తల్లికి పంపేది. నేను చూసి నవ్వుకునేదాన్ని.

సీజన్ చివర్లో లాహోర్ నుంచి వచ్చిన మా కోచ్ ముదీర్ గదిలోకి వెళ్ళాడు. ఫైలు పట్టుకుని నేనూ వెళ్ళాను. గురువారం ఒక్కరోజు ఒక్క బస్సును ఆరున్నరకు పంపండి, పిల్లలు ఆట చూస్తారు, అని ఉర్దూలో ఎంతో మర్యాదగా అడిగాడు. అంతకుమించి ఆ టీముకు అవసరమైనదేదీ లేదు. ముదీర్ కంప్యూటర్ తెరను మావైపు తిప్పాడు.

"నూట ఇరవై మంది వస్తున్నారు కదా. బస్సు లేకుండానే వస్తున్నారు. ఇంకా బస్సెందుకు?"

కోచ్ నావైపు చూశాడు. ఆయన మైదానంలోనే ఉండే మనిషి, గ్యాలరీలో ఎంతమంది ఉంటారో ఆయనకు తెలియదా? నేను ఒక్క మాట చెబితే సరిపోయేది. సార్, ఆ లెక్క తప్పు, నేనే గీకాను, అని. చెబితే ఉద్యోగం పోతుంది. మా ఆయన కంపెనీలో అప్పటికి నాలుగు నెలలుగా జీతాల్లేవు, ఇంటి అద్దెకు ముందే ఇచ్చిన చెక్కులు నా జీతాన్ని నమ్ముకుని రాసినవి. చెక్కు తిరిగొస్తే ఈ దేశంలో జైలేనని ఎవరూ నాకు చెప్పక్కర్లేదు. తెర మీది అంకెనే చూస్తూ నిలబడ్డాను. కోచ్ "ఠీక్ హై సర్" అని బయటికొచ్చేశాడు. నన్ను ఏమైనా అనుంటే నాకు కాస్త తేలికయ్యేది.

మరుసటి సంవత్సరం ముదీర్‌కు కొత్త ఆలోచన వచ్చింది. ఇంతమంది వస్తున్న ఆటను ఊరికే చూపించడం దేనికి? మనిషికి ఇరవై దిర్హాములు టికెట్. కార్డు గీకడం రద్దు, ఆ గంటలు ఇక పగటిపూట ఆడిటోరియంలో ఉపన్యాసాలు వింటే పడతాయి. ఆ నోటీసు టైపు చేసింది నేనే. కాగితం పట్టుకుని ఆయన గదికి వెళ్ళాను.

"సార్, టికెట్ పెడితే రారేమో."

"ఎందుకు రారు?"

"ఐదింటికి బస్సు ఉంటుంది కదా సార్."

"పోయిన ఏడాది లేదా ఆ బస్సు?"

బయటికొచ్చి నోటీసును బోర్డుకు అంటించాను.

టికెట్ పెట్టిన మొదటి గురువారం గేటు దగ్గర బల్ల వేసుకుని గులాబీ రంగు టికెట్ల చుట్ట పెట్టుకుని కూర్చున్నాను. నాలుగుంబావు దాకా ఆరు టికెట్లు పోయాయి, ఆరూ ఆడే పిల్లల స్నేహితులవే. మిగతా కాలేజీ అంతా బస్సుల వైపు నడుస్తూ కనిపిస్తోంది. అప్పుడు ఒకావిడ ఇస్త్రీ చీర కట్టుకుని, చేతిలో పెద్ద స్టీలు డబ్బాతో వచ్చింది. ముఖం చూడగానే తెలిసిపోయింది, గోల్‌కీపర్ పిల్లవే ఆ కళ్ళు.

"మేడమ్ గారూ, నమస్తే అండి. మా అమ్మాయి రోజూ మీ గురించే చెబుద్దండి. ఒక టికెట్ ఇవ్వండి."

"మీకు టికెట్ ఎందుకక్కా, లోపలికి పోండ్రి."

"వద్దమ్మా. నా పిల్ల ఆట నేను కొనుక్కునే చూడాలి. రెండేళ్ళలో ఇప్పటికి దొరికిందండి సెలవు." ఇరవై దిర్హాముల నోటు ముందే తీసి చేతిలో పట్టుకుని ఉంది. డబ్బా చూపించి నవ్వింది. "జంతికలండి. చుట్టుపక్కల కూర్చున్న పిల్లలకి పెడదామని. నూట ముప్ఫై మందికి చాలవనుకోండి, ముందు వరసలోవాళ్ళకైనా."

డ్యూటీ దిగి నిద్రపోకుండా వండినట్టుంది. ఆమెను లోపలికి తీసుకెళ్ళాను. నాలుగు వందల మంది పట్టే గ్యాలరీలో ఆ మూల ముగ్గురు, ఈ మూల ముగ్గురు. ఆమె మెట్టు మీద ఆగిపోయింది.

"మనం ముందొచ్చేశామా అమ్మా?"

"వస్తరక్కా. క్లాసులు ఇంక కాలేదు" అన్నాను. ఎంత తేలిగ్గా అనేశానో. అలవాటైపోయింది కదా.

ఆ రోజు నేను బస్సు వదులుకున్నాను. ఆమె పక్కన కూర్చున్నాను. ఆట మొదలైన కాసేపటికి గోల్ దగ్గర్నుంచి ఆ పిల్ల గ్యాలరీ వైపు చూసి, తల్లిని గుర్తుపట్టి, స్టిక్ పైకెత్తింది. తల్లి చెయ్యి ఊపింది. ఐదు దాటింది. కంచె అవతల బస్సులు ఒకదాని వెనక ఒకటి కదిలాయి. ఆమె వాటిని చూసింది, చివరిది మలుపు తిరిగేదాకా చూసింది, తర్వాత నన్ను చూసింది. డబ్బా మూత తియ్యనే లేదు. మా పిల్లలు రెండు గోల్స్‌తో గెలిచారు. చప్పట్లు కొట్టినవాళ్ళం ఎనిమిది మందిమి. వెళ్తూ వెళ్తూ డబ్బా నా చేతిలో పెట్టి, "మీ పిల్లలకి పెట్టండమ్మా" అంది. మా వాళ్ళు రెండు రోజుల్లో ఖాళీ చేశారు. నేను ఒక్కటి కూడా తినలేకపోయాను.

మూడు మ్యాచ్‌ల తర్వాత ముదీర్ మమ్మల్ని పిలిచాడు. కోచ్, గోల్‌కీపర్ పిల్ల, నేను. ఆ ఏడాది కెప్టెన్ కూడా ఆ పిల్లే. ఆయన ముందు రెండు కాగితాలున్నాయి, రెండూ నేను ప్రింట్ తీసినవే.

"పోయిన ఏడాది నూట ముప్ఫై. ఈ ఏడాది ఏడుగురు. టికెట్ ఇరవై దిర్హాములే, ఒక బర్గర్ ఖరీదు. కాబట్టి తప్పు టికెట్‌ది కాదు. మీ ఆట చూడబుద్ధి కావట్లేదు వాళ్ళకి. ఏం చేశారు మీరు? ఎందుకు పోయారు అందరూ?"

ఆ పిల్ల తలెత్తి నావైపు చూసింది. కోపంగా కూడా చూడలేదు. వేసవిలో బస్సు కోసం నిలబడ్డప్పుడు రోడ్డు వైపు చూస్తామే, అలా చూసింది. నేను ఫైలు అట్ట మీద గీతలు చూస్తూ కూర్చున్నాను.

"తెలియదు సార్" అంది ఆ పిల్ల.

టీము ఖలాస్. ఫీజు రాయితీ ఆ సెమిస్టరుతో ఆఖరు. తల్లి జీతంతో పూర్తి ఫీజు కట్టడం జరిగే పని కాదని ఆ ఫైలు చూసిన ఎవరైనా చెప్పగలరు.

జనవరిలో ఆ పిల్ల నో డ్యూస్ ఫారం పట్టుకుని వచ్చింది. లైబ్రరీ సంతకం, ల్యాబ్ సంతకం అయ్యాయి. చివరిది నాది. గోల్‌కీపర్ ప్యాడ్లు, హెల్మెట్ తెచ్చి కౌంటరు మీద పెట్టింది. ప్యాడ్లు తడిగుడ్డతో తుడిచి తెచ్చింది.

"ఇంటికి పోతున్నావా?"

"ఎల్లుండి ఫ్లైట్ అక్కా. ఊళ్ళో మిషన్ ఆస్పత్రిలో నర్సింగ్ సీటు మాట్లాడింది అమ్మ."

నేను ముద్ర ప్యాడ్ మూత తీశాను, మళ్ళీ పెట్టాను. "ఆ రోజు ముదీర్‌కు ఎందుకు చెప్పలే నువ్వు? నీకు తెలుసు గదా."

"తెలుసక్కా. బంతి అటువైపున్నప్పుడు గోల్‌లో నించునేవాళ్ళకి పనేముంటది? గ్యాలరీలో తలలు లెక్కపెట్టేదాన్ని. ఎక్కువలో ఎక్కువ పంతొమ్మిది మంది వచ్చారు, అదీ ఒక్కసారే." కౌంటరు మీది హెల్మెట్ పట్టీ సర్దింది. "చెబుదామనే అనుకున్నానక్కా ఆ రోజు. అమ్మే వద్దంది. ఆవిడకీ పిల్లలున్నారు, జంతికలు ఇచ్చాను కదా వాళ్ళకి, అంది."

ఇప్పుడైనా లేచి ముదీర్ గదికి వెళ్ళొచ్చు. ఆ గది తలుపు నా కుర్చీ నుంచి పది అడుగుల దూరం. ఆ పిల్ల అక్కడే నిలబడి ఉంది, ఫ్లైట్ ఎల్లుండి. నేను లేవలేదు. ఫారం మీద ముద్ర వేసి సంతకం పెట్టాను.

సొరుగులో వాళ్ళ స్టీలు డబ్బా ఉంది, కడిగి తెచ్చి రెండు నెలలైంది. తీసి ఇవ్వబోతూ ఆగాను. ఒకళ్ళ గిన్నె ఖాళీగా తిరిగివ్వకూడదని మా అమ్మ చిన్నప్పుడే నేర్పింది. నా దగ్గర ఏమీ లేదు. టీ మిషన్ దగ్గరికి వెళ్ళి కాగితం చక్కెర పొట్లాలు నాలుగు తెచ్చి డబ్బాలో వేసి మూత పెట్టాను. ఆ పిల్ల డబ్బా అందుకుని కొంచెం కదిపింది, లోపల అవి చిన్నగా చప్పుడు చేశాయి. "వస్తానక్కా" అని వెళ్ళిపోయింది.

ఆ రోజు కూడా ఐదింటి బస్సు నాకు దొరికింది.