వెలుగు చార ముందెందుకు పడింది?

కరోనా తగ్గుముఖం పట్టాక వచ్చిన రెండో చలికాలం. ఢిల్లీలో ఒక కేంద్ర ప్రభుత్వ శాఖలో సీనియర్ ఫోటోగ్రాఫిక్ ఆఫీసరుగా ఉన్న నేను పదవీ విరమణకు దగ్గర పడ్డాను. మా శాఖ నిర్వహించిన ఛాయాచిత్ర పోటీలో మొదటి బహుమతికి ఎంపికైన చిత్రం నకిలీదని ఫిర్యాదు వచ్చింది. నిజానిజాలు తేల్చే పరిశీలన సంఘంలో నన్ను సభ్యుడిగా వేశారు. అధ్యక్షుడు డిప్యూటీ డైరెక్టర్ శర్మగారు. హోదాలో నాకంటే ఒక మెట్టు పైన, ఓపికలో రెండు మెట్లు కింద.

అది ఒక కూచిపూడి నర్తకి చిత్రం. నల్లటి నేపథ్యంలో నడుము పైభాగం మాత్రమే కనిపిస్తుంది. కుడివైపు తిరిగి, ముందుకు వంగి, రెండు చేతులూ చాచింది. కనురెప్పలు లెక్కపెట్టుకోవచ్చు, అంత స్పష్టం. చాచిన చేతుల గాజుల నుంచి బంగారు చారలు ఇంకా ముందుకు, ఖాళీ చీకట్లోకి దూసుకుపోతున్నాయి. చూసినవాళ్లు అబ్బా అనకుండా ఉండలేరు. నేనూ అన్నాను. ఆ తర్వాతే తలనొప్పి మొదలైంది.

ఇలాంటి చిత్రానికి షట్టరును అర సెకను పాటు తెరిచి ఉంచుతారు. వేదిక మీది మసక వెలుతురులో కదిలే నగలు చారలు గీస్తాయి. షట్టరు మూసుకునే ముందు ఫ్లాష్ వెలుగుతుంది. ఆ క్షణంలో మనిషి ఎక్కడుంటే అక్కడ స్పష్టంగా పడుతుంది. దీన్ని మేం రియర్ సింక్ అంటాం. అంటే చార అనేది మనిషి దాటి వచ్చిన దారి. బండి పోయాక దుమ్ము లేచినట్టు, అది వెనకే ఉండాలి. ఇక్కడ దుమ్ము బండికి ముందు లేచింది!

ఫ్లాష్ మొదట్లోనే వెలిగితే అలా పడొచ్చు. కానీ కెమెరా తనంతట తాను ఫైలులో నమోదు చేసిన వివరాల్లో రియర్ సింక్ అనే ఉంది. అలాగైతే చారలు కంప్యూటర్లో అతికించినవై ఉండాలి. అతుకు రుజువైతే బహుమతి రద్దుతో సరిపోదు. తీసినవారిని ప్రభుత్వ ఫోటోగ్రాఫర్ల ప్యానెల్ నుంచి శాశ్వతంగా తొలగిస్తారు. తీసింది నేహా అనే అమ్మాయి, రోజూ ఘాజియాబాద్ నుంచి వచ్చేది. ఆ ప్యానెల్ పనే ఆమెకు బతుకుతెరువు.

ఆమెను పిలిపించి, నర్తకి ఎటు కదులుతోందని అడిగాం. "సర్, మై తో సిర్ఫ్ లైట్ దేఖ్ రహీ థీ," అంది. చూపంతా వెలుతురు మీదే ఉందట, కదలిక గుర్తులేదట. అంతకు ముందూ వెనకా తీసినవి చూపమంటే, ఇంకో కార్యక్రమం కోసం కార్డు ఖాళీ చేసేశానంది. అబద్ధమాడేవాళ్లు ఇంతకంటే మంచి కథ తెచ్చుకుంటారని నాకనిపించింది. అనిపించినవన్నీ నివేదికలో రాయలేం కదా.

ఫైలును ఎంత పెద్దది చేసి చూసినా అతుకు దొరకలేదు. అతుకు లేదు, కానీ ఉండి తీరాలి! చివరికి స్టూడియోలో దీపాలు తగ్గించి, నేహా కెమెరానే తెప్పించి, శర్మగారి చేతికి చిన్న టార్చి ఇచ్చి చేతులు చాచి నడవమన్నాను. చార వెనక పడింది. వేగంగా నడిస్తే ఇంకాస్త పొడుగ్గా వెనకే పడింది. లోపం టార్చిదేమోనని సరోజినీ నగర్ బజారు నుంచి గాజులు తెప్పించాం. డిప్యూటీ డైరెక్టరుగారు గాజులు తొడుక్కుని వయ్యారంగా నడుస్తుంటే స్టెనో తలుపు తీసి, వెంటనే మూసేసింది. చార మాత్రం వెనకే. నేర్చిన విద్య మీద నాకే అనుమానం పుట్టి మతి పోయినంత పనైంది. శర్మగారు విసిగిపోయి, "ఛోడియే, ఫేక్ లిఖ్ దీజియే," అన్నారు. నకిలీ అనే ముసాయిదా రాశాను. సంతకాలే తరువాయి.

చిత్రంలో ఉన్నది తానేనని నర్తకి ధ్రువీకరించడం ఒక లాంఛనం. ఆ పని మీద ద్వారక వెళ్లాను. పేరు వైదేహి, పెద్దలది తెనాలి, తాను ఢిల్లీలోనే పుట్టి పెరిగింది, గురుగ్రామ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. సంతకం పెట్టించుకుని లేవబోతూ, మనసు ఊరుకోక, ఈ భంగిమలో ఎంత దూరం ముందుకు వెళ్తావమ్మా అని అడిగాను.

"ముందుకా? అరే అంకుల్, యశోద కృష్ణుడికి నడక నేర్పిస్తోంది కదా! మీద మీదకి వెళ్తే బచ్చా ఎలా నడుస్తాడు? వెనక్కి జరుగుతూ రా రా అని పిలవాలి," అంటూ సోఫా పక్కన చేసి చూపింది. వంగింది, చేతులు చాచింది, చటుక్కున రెండడుగులు వెనక్కి వేసింది. గాజులు దాటొచ్చిన దారి ఆమె ముందు మిగిలింది.

తప్పటడుగుల పిల్లల్ని మన ఇళ్లలో అందరూ అలాగే పిలుస్తారు. నేనూ పిలిచినవాణ్ణే. నా మీద నాకే ఒళ్లు మండింది.

మర్నాడు శర్మగారిని వెనక్కి నడిపించాను. చార ముందు పడింది. ఆయన తెర వంక చూసి "అచ్ఛా!" అంటూ కుర్చీలో కూలబడ్డారు. ముసాయిదా చించేసి, అసలైన చిత్రమేనని రాసి ఇద్దరం సంతకాలు పెట్టాం. నేహాకు చెబితే, "తో సర్, వో పీఛే జా రహీ థీ?" అంటూ, నర్తకి వెనక్కి వెళ్తోందా అని నన్నే అడిగింది.

ఫ్లాష్ ఎప్పుడు వెలిగిందో కెమెరా సరిగ్గానే చెప్పింది. మనిషి ఎటు కదిలిందో మేం ఊహించుకున్నాం. ఆ ఊహనే రుజువనుకుని ఒకరి కూడు తీసేసే కాగితం రాశాం. ఉద్యోగంలో మిగిలిన ఆ కొద్ది నెలల్లో ఏ చిత్రం మీద ఫిర్యాదు వచ్చినా, నేను మొదట ఆ చిత్రంలో ఉన్న మనిషికే ఫోన్ చేశాను.