కియారీ మామ ఉపవాసం తప్పిన ఏడాది

మా మేనత్త మొగుడు కియారీ గుర్రపు జీన్లు కుట్టేవాడు. ఎడారి అంచున ఉన్న మా జిందేర్ ఊరి పాతకోటలో ఏ గుర్రం వీపు చూసినా ఆయన చేతి కుట్టే కనిపించేది. పని ఎంత నాజూకో మనిషి అంత మొరటు. అందులోనూ రంజాన్ నెల వచ్చిందంటే ఇక పట్టపగ్గాలుండేవి కావు. నెలవంక ఊరందరికీ కనబడేది గానీ, నెల మొత్తాన్ని అల్లా తనకొక్కడికే కౌలుకిచ్చినట్టు ప్రవర్తించేవాడు.

పొద్దున్నే అంగడి ముందు చాప పరుచుకుని దారిన పోయేవాళ్ళని ఆపేవాడు. "ఏదీ, నాలుక బయటపెట్టు!" నాలుక ఎండిపోయి తెల్లగా ఉంటే నిజంగా ఉపవాసం ఉన్నట్టు. ఎర్రగా తడిగా ఉంటే దొంగ. పెళ్ళికొడుకుల నాలుకలూ చూశాడు, పోలీసాయన నాలుకా చూశాడు. ఉమ్మి మింగినా ఉపవాసం చెడుతుందని ఆయన గట్టి నమ్మకం. ఎవరు చెప్పారో ఆయనకే తెలీదు. అందుకని మింగకుండా రోజంతా ఉమ్ముతూనే ఉండేవాడు. ఆ నెలలో ఆయన అంగడి పక్క మట్టిగోడకి వానాకాలం వేరేగా అక్కర్లేదు.

మా ఫల్మాతా అత్త పులుసులో ఉప్పు చూడ్డానికి నాలుక చివర చుక్క వేసుకున్నా ఒప్పుకునేవాడు కాదు. వంట చేసేవాళ్ళు రుచి చూసి ఉమ్మేస్తే తప్పులేదని, వీధి బడిలో ఖురాన్ పాఠాలు చెప్పే గురువు, మాలం లామిను, ఎన్నిసార్లు చెప్పాడో! "లామిను కుర్రాడు. వాడి గడ్డం కంటే నా సూదికి వయసెక్కువ" అని కొట్టిపారేసేవాడు మామ. దాంతో నెలంతా మా ఇంట్లో బెండకాయ పులుసు ఒకరోజు చప్పిడి, మర్నాడు ఎడారి బిల్మా నుంచి ఒంటెల మీద వచ్చే ఉప్పుకొండ.

మామ అంగడికి ఎదురంగడి హమ్మా జిబ్బోది. హమ్మా ఫులానీ, పశువులు మేపే తెగవాడు. ఒకప్పుడు పెద్ద మంద ఉన్నవాడు. కరువులో ఆవులు పోయాయి, పలుపులు మిగిలాయి. అప్పట్నుంచి తాళ్ళు పేని అమ్ముకునేవాడు. మా బరేబరీ తెగకీ ఫులానీలకీ తాతలనాటి ఎకసెక్కాల వరస. ఎదురుపడితే తిట్టుకోవాలి, తిట్టుకోకపోతే ఒంట్లో బాగాలేదేమోనని జనం అడుగుతారు. "ఏరా నా బానిసా, బతికే ఉన్నావా?" అని ఒకడంటే, "ఎవడ్రా బానిస! మీ తాతని మా తాత ముంతెడు మజ్జిగకి కొన్నాడు, అదీ పులిసిన మజ్జిగ" అని రెండోవాడు అనాలి. ఎవడికి కోపం వస్తే వాడు ఓడినట్టు. వీళ్ళిద్దరూ ముప్ఫై ఏళ్ళుగా ఓడకుండా తిట్టుకుంటున్నారు.

ఆ ఏడు రంజాన్ మండుటెండల్లో పడింది. మామకి అప్పటికే చక్కెర జబ్బు ముదిరింది. ఉపవాసాలు మొదలైన రెండోరోజో మూడోరోజో, మధ్యాహ్నం జీను కుడుతూ కుడుతూ దాని మీదే బోర్లా పడ్డాడు. మొదట చూసింది హమ్మానే. తిట్టాడు, జవాబు రాలేదు. దాంతో పరుగెత్తుకొచ్చి భుజానేసుకుని ఆసుపత్రికి మోసుకుపోయాడు.

అక్కడ నర్సు అకువావి. దక్షిణాదిన బెనిన్ దేశపు తీరం నుంచి వచ్చిన క్రైస్తవ పిల్ల. మా వీధిలోనే గది అద్దెకి తీసుకుని ఉండేది. మామ కళ్ళు తెరిచాక నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది.

"తాతా, పొద్దుట్నుంచి ఏం తిన్నావు?"

"రంజాన్‌లో అడిగే మాటేనా అది?"

"మాత్ర వేసుకున్నావా?"

"మాత్ర మింగితే ఉపవాసం పోదూ!"

"ప్రాణం పోతే పర్లేదా? మీ దేవుడికి మనుషులు చస్తేనే ఇష్టమా?"

మామ లేవబోయాడు. "మీ దేవుడేంటే పిల్లా! నిన్నూ నన్నూ చేసినవాడు ఒక్కడే. మేం అల్లా అంటాం, మీరు మీ మాటలో ఇంకోటంటారు. నీకొకణ్ణీ నాకొకణ్ణీ ఎవరూ పంచిపెట్టలేదు."

"అయితే ఆ ఒక్కడికే చెప్పుకో, రేపు మళ్ళీ పడితే మంచం ఖాళీగా ఉంచమని. నా దగ్గరైతే లేవు."

అత్త మాలం లామినుకి కబురు పంపింది. మాలం వచ్చి మంచం పక్కన చతికిలబడి, నర్సు చెప్పిందంతా విని, మెల్లగా అన్నాడు. "పెద్దాయనా, జ్వరమైతే తగ్గాక ఆ రోజులకి బదులు ఉపవాసం ఉండొచ్చు. ప్రయాణంలో ఉన్నవాడికీ అంతే. నీది తగ్గే జబ్బు కాదు. నీకు ఇక ఉపవాసం లేదు. ఒక్కో రోజుకి ఒక పేదవాడికి కడుపునిండా పెట్టు, చాలు."

"చాలా? అంత తేలిగ్గా?"

"అల్లా తేలికే కోరాడు. బరువు కోరుకుంటున్నది నువ్వు."

మామ చాలాసేపు గోడవైపు తిరిగి పడుకున్నాడు. తర్వాత మాలం చొక్కా పట్టుకుని గుసగుసగా అడిగాడు. "లామినూ, ఎవడైనా నా నాలుక చూపించమంటే?"

మాలం గడ్డం సవరించుకుంటున్నట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

రంజాన్‌లో దొంగతనంగా తినేవాళ్ళని చూశాం. అనుమతి ఉండి, హక్కుండి, మతగురువు స్వయంగా తినమని చెప్పాక దొంగతనంగా తిన్నవాడు మా వీధిలో కియారీ మామ ఒక్కడే. అంగడి వెనక తోళ్ళు దాచే చీకటి కొట్లోకి దూరి, తలుపు గడియ పెట్టుకుని తినేవాడు. పచ్చితోలు కంపులో జొన్న జావ ఎలా దిగేదో! బయటికి వచ్చి మూతి తుడుచుకుని, ఇంకాస్త గట్టిగా ఉమ్మేవాడు.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఎవరూ అడక్కుండానే "అబ్బ, ఇవాళ దాహం నాలుక పీకేస్తోంది" అనేవాడు. అంతకు ముందు ఏనాడూ దాహం అన్న మనిషి కాదు. హమ్మా తాడు పేనడం ఆపి ఎదురుగా చూశాడు.

ఒకరోజు వేడివేడి అలసంద వడలు కొట్లోకి వెళ్ళాయి. ఆ వాసన తోళ్ళకి దాగేది కాదు. హమ్మా తాళ్ళ చుట్ట భుజాన వేసుకుని, బేరం వంకతో నేరుగా కొట్లోకి నడిచాడు. ఆరోజే మామ గడియ పెట్టడం మరిచిపోయాడు. బుగ్గలో ఒక వడ, చేతిలో ఒక వడ.

ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు. మామ నమలడం ఆపి, నుదురు కొట్టుకున్నాడు.

"అయ్యో! మరిచిపోయి తినేశానే!"

మరిచిపోయి తింటే ఉపవాసం చెడదు. గుర్తురాగానే ఆపేస్తే చాలు, అల్లాయే తినిపించాడనుకోవాలి. అది అందరికీ తెలిసిందే. హమ్మా చాలా భక్తిగా తల ఊపాడు. "నిజమే, నిజమే. వయసు మీదపడింది. బుగ్గలోది ఉమ్మెయ్యి మరి."

మామ ఉమ్మాడు. అంత బాధగా ఆయన ఉమ్మడం ఎవరూ ఎప్పుడూ చూసి ఉండరు.

హమ్మా బయటికి వచ్చి వీధి మధ్య నిలబడ్డాడు. "బరేబరీకి మతిమరుపు వచ్చింది! తనకి ఉపవాసమని కూడా గుర్తులేదు పాపం! అందరూ కాస్త కనిపెట్టి ఉండండి!"

అంతే. సాయంత్రానికి మా వీధి దెల్లూ పెద్దమ్మ తేనెలో నల్లజీలకర్ర కలిపి తెచ్చింది, జ్ఞాపకానికి మంచిదని. మర్నాడు అద్దకంవాడు రంగుకుండ దగ్గర్నుంచి కేక వేశాడు. "కియారీ! ఇవాళ ఉపవాసం! గుర్తుందా?" "గుర్తుంది!" కాసేపటికి ఇసుకబండివాడు. "కియారీ, గుర్తుందా?" "ఉంది!" నీళ్ళు మోసేవాళ్ళు, కోళ్ళు అమ్మేవాళ్ళు, చివరికి ముక్కూమొహం తెలీని ఒంటెలవాళ్ళు కూడా. వీధి వీధంతా ఆయన్ని కాపలా కాసింది. కొట్లోకి వెళ్ళబోతే పిలుపు, తలుపు మీద చెయ్యి వేస్తే పిలుపు. మధ్యాహ్నానికి చేతులు వణికి, సూది వేల్లో దిగింది.

అత్త వచ్చి చూసి, అంగడి లోపలికి లాక్కెళ్ళి, మాత్ర మింగించి, జావ ఆయన నోట్లో పోసి, తర్వాత అందుకుంది.

"ఏమయ్యా, ఉపవాసం అల్లా కోసమా, వీధి కోసమా? తినమని ఆయనే సెలవిచ్చాక ఇంకెవరికి దాస్తున్నావు? ఆయనకి తెలుసు, నాకు తెలుసు, మాలంకి తెలుసు. తెలియాల్సింది హమ్మాగాడికేనా? అయితే నీ దేవుడు హమ్మానేమో చూసుకో."

ఆ మాట మామకి సూది కంటే లోతుగా దిగింది.

"ఇంకో సంగతి. రోజూ నేను వండి పెడుతున్న ఆ రెండో గిన్నె, పేదవాడి గిన్నె, ఎవరికి పెడుతున్నావు?"

అదే అసలు తలనొప్పి. మామ ఆ గిన్నె పట్టుకుని మొదట దెల్లూ పెద్దమ్మ ఇంటికి వెళ్ళాడట. విధవరాలు కదా అనుకున్నాడు. ఆవిడ గిన్నెనీ ఆయన్నీ ఎగాదిగా చూసింది. "నేను పేదదాన్నా? నా కొడుకు అగదెజ్ పట్నంలో లారీ నడుపుతున్నాడు. ముందు నీ చొక్కాకి గుండీలు కుట్టించుకో!" అని తరిమింది. మసీదు మెట్ల దగ్గర గుడ్డి బిచ్చగాడు ముక్కుతోనే కూర ఏమిటో కనుక్కుని, "ఇవాళ ఇది నాలుగోది బాబూ. రంజాన్‌లో మాకు తీరికెక్కడ? పండగ అయ్యాక రా, అప్పుడెవడూ మా మొహం చూడడు" అన్నాడు. చివరికి ఎవరో ఒక బాటసారిని పట్టుకుని రోజు గడిపేస్తున్నాడు.

అత్త గొంతు తగ్గించింది. "హమ్మా ఇంట్లో పొయ్యి వెలిగి ఎన్నాళ్ళయిందో నీకు తెలుసా? ఆడవాళ్ళం గోడ మీంచి చూస్తాం, పొగ రాదు. మసీదులో ఖర్జూరం, నీళ్ళు తీసుకుని, ఇంటికెళ్ళి కడుపు నిండిందంటాడు. ఈ ఎండల్లో తాళ్ళు ఎవరు కొంటున్నారు?"

మామ ఎదురంగడి వైపు చూశాడు. చుట్టలు చుట్టలుగా తాళ్ళు, ఒక్కటీ కదలలేదు. ఆసుపత్రికి తనని మోసిన భుజాలు చొక్కాలోంచి ఎముకలుగా కనబడుతున్నాయి.

"వాడు చస్తే తీసుకోడు. అదీ బరేబరీ చేతి ముద్ద!"

"ఇస్తే తీసుకోడు. తిట్టి చూడు."

పొద్దు వాలింది. మసీదు నుంచి పిలుపు వచ్చింది, అందరూ ఖర్జూరంతో ఉపవాసం విడిచి నమాజు చేసుకుని వీధిలోకి వచ్చారు. మామ పెద్ద గిన్నె నెత్తిన పెట్టుకుని వీధి మధ్యకి నడిచాడు. అందులో జొన్న సంకటి, మాంసం ముక్కలేసిన బెండకాయ పులుసు.

"వినండర్రా! నాకు మతిమరుపు లేదు! నాది చక్కెర జబ్బు. నేను పగలు తింటున్నాను, మాలం చెప్పాడు, అల్లా అనుమతించాడు. బదులుగా రోజుకొక దిక్కులేనివాడికి పెట్టాలట. నాకంటే అధముడి కోసం ఊరంతా వెతికాను. ఒక్క ఫులానీ తప్ప ఎవడూ దొరకలేదు!"

హమ్మా ముఖం ఒక్క క్షణం రాయిలా అయింది. గిన్నె వైపు చూశాడు, మామ కళ్ళలోకి చూశాడు. ఏం కనబడిందో గాని, మెల్లగా మీసం తిప్పాడు.

"ఆగాగు. నేను తింటేగాని నీ లెక్క తీరదన్నమాట. అంటే బరేబరీ స్వర్గానికి తాళంచెవి నా పొట్టలో ఉంది!"

"ఉంటే?"

"అయితే నెత్తిన అన్నం మోసుకొచ్చినవాడు బానిసా, కూచుని తినేవాడు బానిసా? మీరే చెప్పండయ్యా!"

వీధి పగలబడి నవ్వింది. హమ్మా చాప మీద కాళ్ళు బార్లా చాపుకుని, చేతులు కడిగించమన్నాడు. మామ కడిగించాడు. బిస్మిల్లా అని మొదటి ముద్ద తిన్నాడు. రెండోది తినేటప్పుడు తల దించుకున్నాడు, చాలాసేపు ఎత్తలేదు. ఎత్తాక అన్నాడు:

"ఉప్పు లేదు."

ఆకలి రుచెరగదంటారు గానీ, ఫులానీ ఆకలికి అన్నీ తెలుసు. ఆరోజు నుంచి మామకి నరకం మొదలు. "ఇవాళ మాంసం ముదురు." "రేపు వడలు కావాలి, ఆ తోళ్ళకొట్టు వడలు." "బరేబరీ, నాకు ఆకలిగా లేదు పో, నీ స్వర్గం రేపు చూసుకుందాం." మామ గిన్నె పట్టుకుని బతిమాలేవాడు. "తినరా తండ్రీ, నీకు దండం పెడతాను!" ఉప్పు గొడవ పడలేక చివరికి అత్తతో అన్నాడు. "కాస్త రుచి చూసి చావరాదూ?" అత్త నా వైపు చూసి కన్ను గీటింది.

ఒక సాయంత్రం ఈ బానిస గోల విని అకువావి గదిలోంచి దూసుకొచ్చింది. "ఏంటిది? మీ మతంలో ఇంకా బానిసలున్నారా? ఈ ముసలాయనకి రోజూ తిట్లు తిట్టి అన్నం పెడుతున్నారా?"

ముసలాళ్ళిద్దరూ ఒక్కటైపోయారు. "మతం కాదే పిల్లా" అన్నాడు హమ్మా, "మతంలో పేదవాడికి పెట్టేటప్పుడు చిన్నబుచ్చకూడదని ఉంది."

"మరి ఇదేంటి?"

"ఇది చుట్టరికం" అన్నాడు మామ. "మామూలుగా ఇస్తే వీడు చిన్నబుచ్చుకుంటాడు."

అకువావికి ఎంత అర్థమైందో తెలీదు. కూచోమన్నారు, కూచుంది. హమ్మా గిన్నె ఆమె వైపు జరిపాడు. ఆమె ఒక ముద్ద తిని, "నిజంగానే ఉప్పు తక్కువ" అంది. అత్త లోపల్నుంచి గరిటె పట్టుకుని వచ్చింది.

పండగ వచ్చింది, నెల అయిపోయింది. మామ తెల్లబట్టలు కట్టుకుని మసీదు మైదానంలో నమాజు చేసి, హమ్మాని కావలించుకుని, "ఇక నీ దర్జా అయిపోయిందిరా ఫులానీ" అన్నాడు.

ఆ మర్నాడు పొద్దు వాలేసరికి హమ్మా చాప మీద యథాప్రకారం కూచుని ఉన్నాడు, చేతులు కడుక్కోవడానికి చాపి మరీ.

"రంజాన్ వెళ్ళిపోయిందిరా సిగ్గులేనోడా! ఇంకా ఏంటి?"

"పండగ తర్వాత ఆరు రోజులు ఉంటే ఏడాదంతా ఉన్న పుణ్యం. నేను ఉపవాసం ఉన్నాను" అన్నాడు హమ్మా. "ఉపవాసం విడిపించినవాడికీ అంత పుణ్యమూ వస్తుంది. నీ ఇష్టం. నాకేం పోయింది."

మామ కాసేపు మీసాలు కొరుక్కున్నాడు. తర్వాత ఇంటివైపు తిరిగి కేకేశాడు. "ఫల్మాతా! గిన్నె తే! ఉప్పు చూసి తే!"

ఆ ఆరు రోజులు కూడా అయ్యాక హమ్మా ఏ వంక చెప్పాడో మాకెవరికీ గుర్తులేదు. చెప్పాల్సిన అవసరం రాలేదనుకుంటాను. కియారీ మామ ఆ తర్వాత చాలా రంజాన్లు చూశాడు. పగలు అంగడి లోపలే, తలుపు తీసి, వీధికి వీపు పెట్టి, మర్యాదగా తన జావ తాగేవాడు. నాలుకలు చూపించమని మాత్రం ఎవర్నీ అడగలేదు.