లస్మన్న చెప్పించిన మాట

రండి, చాప మీద జర దగ్గరికి జరిగి కూర్చోండి. మా ఆర్మూర్‌లో పసుపు ఉడకబెట్టే రోజులివి. ఉడుకుతున్న కొమ్ముల వాసన వాకిట్లోకి వచ్చిందంటే నాకు లస్మన్నే యాదికొస్తాడు. మీరు ఆయనను చూడలేదు. మా పక్కింటాయన. పగలంతా మార్కెట్ యార్డులో పసుపు బస్తాలు మోసే హమాలి, పొద్దుగూకితే నాటకాలు రాసి ఆడేవాడు. సెల్‌ఫోన్లు వచ్చాక వాటితోనే చిన్న చిన్న సినిమాలు తీశాడు. ఆయనకు ఒక్కటే ఆశ: ఒక్కసారన్నా తన మొఖం పెద్ద తెర మీద కనబడాలని.

రాసిన మాటలను బీడీలు చుట్టే మా ఆడోళ్ల ముందు చదివేవాడు. మా మొఖాలు చూసేవాడు కాదు, చేతులు చూసేవాడు. చేతులు ఆగకపోతే ఆ మాట కొట్టేసేవాడు. "మీరు మొఖమాటానికి నవ్వుతరు. చేతులకు మొఖమాటం ఉండదు," అనేవాడు.

ఒకసారి హైదరాబాద్ సినిమావాళ్లు ఆయనను మాటలు రాయమన్నారు, హమాలి వేషం కూడా ఇస్తామన్నారు. కథలో ఒక కొడుకు బస్తా మోస్తూ కుప్పకూలి చనిపోతాడు, అతని తల్లిని ఓదార్చడానికి ఆ బస్తాల యజమాని సేటు ఇంటికొస్తాడు. లస్మన్న ఆ తల్లి ఏడుపు పేజీలకు పేజీలు రాసుకొచ్చి చదివాడు. మా చేతులు ఆగలేదు. మళ్లీ రాశాడు, ఆగలేదు. చివరికి నా వైపు తిరిగి, "నువ్వైతే ఏమంటవే సాయవ్వా?" అన్నాడు. సదువు రానిదాన్ని నన్నడుగుతవేందన్నా అని తప్పించుకోబోయాను. వదల్లేదు. బీడీ ఆకు కత్తిరిస్తూనే అన్నాను:

"సేటూ, మావోడు నీ బస్తా కింద పడెయ్యలేదు గద?"

ఎవరి చేతులూ కదల్లేదు. లస్మన్న తన కాగితాలన్నీ మడిచి జేబులో పెట్టుకున్నాడు.

సినిమా వచ్చిన రోజు మా వాడకట్టంతా టాకీసుకు పోయాం. తెర మీద తల్లి ఆ మాట అనగానే హాల్లో పల్లీలు ఒలిచే చేతులు ఆగిపోయాయి. లస్మన్న ఇప్పుడొస్తాడు, ఇప్పుడొస్తాడు అని చూస్తుండగానే బొమ్మ అయిపోయింది. ఆయన మొఖం రానేలేదు. సినిమా పొడుగైందని తీసేశారట. బయట మెట్ల మీద ఆయన భార్య గంగవ్వ ఏడుపు ఆపుకోవడానికి కొంగు నోట్లో కుక్కుకుంది. తోటి హమాలి ఒకాయన ఊరుకోక, "ఏం హీరో, ఏ బస్తా ఎనక దాసుకున్నవే?" అన్నాడు.

లస్మన్న నన్ను ముందుకు పిలిచి అందరి నడుమ నిలబెట్టాడు.

"నేను లేకుంటే లేకపాయె. గా తల్లి మాట ఇన్నరా? గది మా చెల్లెది."

జనమంతా నా వైపు తిరిగారు.

లస్మన్న ఇప్పుడు లేడు. ఆ ఆశ తీరకుండానే పోయాడు. తన కోసం వచ్చిన జనాన్ని మాత్రం ఆ రోజు నా వైపు తిప్పాడు. అప్పటినుంచి ఎవరు కథ అడిగినా 'నాకేం వస్తది' అనడం మానేశాను. మీ ఇల్లు చల్లగుండ, మీ ఇంట్లో ఎవరు నోరు విప్పినా వినేవాళ్లు ఉందురు గాక.