రెండో కాలి హెమ్మింగ్

టైలరమ్మ వేళ్ళు ఫ్యాంటు ఎడమకాలి అంచు మడిచి, సన్నటి కుట్లు వేసుకుంటూ పోతున్నాయి. కూర్చున్నది మాత్రం తన దుకాణంలో కాదు, ముసలివాళ్ళను చూసుకునే ఒక హోము ముందుహాల్లో. ఆ ఫ్యాంటు పక్కనే ఉన్న తమ్ముడిది. అతను స్కూటర్ మెకానిక్కు; నూనె మరకల్లేనిది ఒక్కటైనా కుట్టిపెట్టమని ఎప్పట్నుంచో ఆమె ప్రాణం తీస్తున్నాడు.

ఆమె దుకాణం కింద, గది పైన. మెట్ల మీద పడి తుంటి విరిగాక, మెట్లెక్కొద్దు, ఒంటరిగా ఉండొద్దు అన్నాడు డాక్టరు. తమ్ముడిదీ మేడ మీద ఇల్లే. మొగుడూ పెళ్ళాం పొద్దున పనికి పోతే చీకటి పడ్డాకే రావడం.

"మీ ఇంట్లో గోడలతో మాట్లాడుకోవాలా? మనుషులున్న చోట చూడరా," అని తనే అంది. హోములో చేతిలో పని లాక్కుని మంచానికి అతికించేస్తారేమోనన్నదే ఆమె బెంగ.

"అడిగితే అందరూ బాగానే చెప్తారు. ఒక కాలు హెమ్మింగ్ అయ్యేంతసేపు ఊరికే కూర్చుంటే అసలు సంగతి తెలుస్తుంది," అని కుట్టుసంచీ చంకన పెట్టుకుని బయలుదేరింది.

ఈ మొదటి హోము నేల అద్దంలా ఉంది. తమ్ముడు లిఫ్టు దగ్గర చెవి పెట్టి విని వచ్చాడు.

"అక్కా, చప్పుడే లేదు. కొత్త మోటారు!"

"నేను లిఫ్టులో కాపురం ఉంటానట్రా?"

ఎదురు కుర్చీలోంచి ఒక మామ్మ లేవబోయింది. అక్కడ పనిచేసే ఒక పిల్ల పరుగున వచ్చి, "మీకెందుకమ్మా శ్రమ," అని కూర్చోబెట్టింది. మామ్మ మళ్ళీ లేవబోయింది. ఆ పిల్ల మళ్ళీ కూర్చోబెట్టింది. ఎక్కడికి వెళ్ళాలనుకుందో ఎవరూ అడగలేదు.

"ఇక్కడ పూచికపుల్ల కూడా ఎత్తక్కర్లేదండీ. ఆ సూదీ దారం కూడా మాకిచ్చేయొచ్చు," అన్నాడు మేనేజరు.

టైలరమ్మ పంటితో దారం తెంపి లేచింది.

రెండో హోములో గోడలకు సున్నం వెలిసిపోయింది. కిటికీ తెరల అంచులు ఊడి వేలాడుతున్నాయి. లిఫ్టు కీచుమంది. తమ్ముడు మూతి ముడిచాడు. ఆమె ఫ్యాంటు కుడికాలు ఒళ్ళో పెట్టుకుని, పక్కన కూర్చున్న ముసలావిణ్ణి పలకరించింది.

"అన్నం వేడిగా పెడతారా వదినా?"

"వేడిగానే. ఉప్పే ఒక్కోరోజు సెలవు పెడుతుంది."

"రాత్రి పిలిస్తే వస్తారా?"

"వస్తారు. ఆలస్యమైతే వచ్చి మరీ తిట్లు తింటారు."

అంతలో ఒక తాత చొక్కా గుండీలు ఎగుడుదిగుడుగా పెట్టుకుని వచ్చాడు. ఆయా ఎదురెళ్ళింది.

"తాతగారూ, గుండీలు పక్కింటికి పోయాయి. మీరు సర్దుకుంటారా, నన్ను సర్దమంటారా?"

"నాకు చేతుల్లేవా?"

"ఉన్నాయనే అడిగా."

ఆయా స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చుంది. తాత వేళ్ళు వణికాయి, గుండీ జారింది. సాయానికి లేచిన ఆయా చెయ్యి మధ్యలోనే ఆగి, వెనక్కి వెళ్ళి ఒళ్ళో కూర్చుంది. మళ్ళీ జారింది. టైలరమ్మ చేతులు వాటంతట అవే కుడుతున్నాయి, కళ్ళు మాత్రం ఆ గుండీ మీదే ఉన్నాయి. చివరికది కాజాలో దూరింది. తాత ఛాతీ విరుచుకున్నాడు. టైలరమ్మ ఊపిరి వదిలి, చేతికర్ర ఊతంతో లేచింది.

ఆమెతోపాటు ఫ్యాంటూ లేచింది. తను కట్టుకున్న బట్టకే దాన్ని కలిపి కుట్టేసుకుంది!

"అక్కా, నా ఫ్యాంటు కూడా నీతోపాటు ఇక్కడే చేరుతుందా?" తమ్ముడు పడీపడీ నవ్వాడు.

"నోర్ముయ్. పని నేర్చుకునేటప్పుడు చేశా ఈ తప్పు, మళ్ళీ ఇవాళే. ఆ మొదటి హోములో చూడటానికేం లేక చూపు కుట్టు మీదే ఉంది."

ఆయా కత్తెరతో వచ్చింది. "విప్పమంటారా, మీరే విప్పుకుంటారా?"

"నాకు చేతుల్లేవా?" అంది టైలరమ్మ. హాలంతా గొల్లుమంది.

కుట్లు విప్పుతూనే, అక్కడి మేనేజరమ్మను అడిగింది. "ఆ కిటికీ పక్కన నా మిషను పడుతుందా?"

"పడుతుంది. ఆ తెరల సంగతి కూడా చూస్తారా?"

"చేరాక చూస్తా. చేతిలో పని ఉండగా కొత్త పని ముట్టుకోను."

తమ్ముడు గొణిగాడు. "ఆ లిఫ్టుకి కాస్త నూనె నేనేస్తాలే."

ఆమె మళ్ళీ కూర్చుని, ఈసారి చూపు తిప్పకుండా కుడికాలు పూర్తిచేసింది. దారం తెంపి, ఫ్యాంటు దులిపి, మడతపెట్టి తమ్ముడి చేతికిచ్చింది.

"ఇదిగో. పొడవు తేడా వస్తే ఇక్కడికే పట్రా."