పినపాక దారిలో కళ్లు మూసుకుని

నా భార్య సుధ పోయి ఏడాది దాటింది. ఆమె కెమెరాలో ఒక్క ఫోటోకు సరిపడా ఫ్రేము మిగిలిపోయింది. సుధ ఫిల్ము మీద నలుపు తెలుపు ఫోటోలు తీసేది. మనిషి ఎక్కడ నిలబడాలి, ఎప్పుడు కదలాలి, అన్నీ ముందే అమర్చేది. షట్టర్‌ను అర సెకను తెరిచి ఉంచితే కదిలిన మనిషి అంచులు పొగలా చెదిరేవి. నన్ను ఒకటే అడిగింది: అడవి దారిలో కళ్లు మూసుకుని తన వైపు నడవమని. ఎవరైనా చూస్తే నవ్వుతారని ప్రతిసారీ తప్పించుకున్నాను. ఆమె వేసిన రీలులో ఆ ఆఖరి ఫ్రేము దానికే వాడాలనుకున్నాను.

ఖమ్మంలో ఉదయం ఐదింటికి బస్సెక్కి, కొత్తగూడెం మీదుగా ఎనిమిదిన్నరకు మణుగూరు చేరాను. బస్టాండు దగ్గర ఇడ్లీ తిని, పినపాక వైపు రానుపోను ఆరు వందలకు ఆటో మాట్లాడుకున్నాను. డ్రైవరు వెంకన్నకు నలభై ఏళ్లుంటాయి. చెట్లు దగ్గరపడిన మలుపులో ఆపించి, కెమెరాను స్టాండు మీద పెట్టి అతనికి పని చెప్పాను. నేను చెయ్యెత్తగానే టైమర్ నొక్కి పక్కకు తప్పుకోవాలి. పది సెకన్లకు ఫోటో దానంతట అదే పడుతుంది.

"కళ్లు మూసుకొని నడుసుడేంది సార్? ఎవలన్న చూస్తే నేనే మందు తాపిచ్చిన అంటరు."

"మా ఆవిడ అడిగింది."

"మరి మేడంను తోలుకొని రాకపోతిరి?"

"పోయిన ఏడాది చనిపోయింది."

వెంకన్న మలుపు చివరి దాకా నడిచి, రెండు వైపులా చూసి వచ్చాడు. "బండ్లేం లేవు సార్. నడువుండ్రి. నేనున్న."

ఇరవై అడుగుల దూరం నుంచి చెయ్యెత్తి కళ్లు మూసుకున్నాను. మూడో అడుగుకే ఎటు పోతున్నానో తెలియలేదు. చేతులు వాటంతట అవే ముందుకు వచ్చాయి. ఆగిపోవాలనిపించింది, ఆగలేదు. కాలి కింద తారు పోయి కంకర తగిలింది. "సార్, గుంట, గుంట" అంటూ చెప్పుల చప్పుడు దగ్గరకొచ్చింది. ఒక చెయ్యి నా మోచేతిని పట్టుకుంది. అప్పుడే షట్టర్ పడింది.

"ఫోటో ఖరాబు చేసిన్నా సార్?"

"తెలియదు."

"మీరు పడితే దవాఖానా దాక నేనే తోలాలె. గదీ ఆరు వందలల్లనే."

చాలా రోజుల తర్వాత నవ్వాను.

రీలు కడగడానికి హైదరాబాదు పంపితే మూడు వారాలకు ప్రింటు వచ్చింది. చెట్లు స్పష్టంగా ఉన్నాయి. పరుగెత్తుకొచ్చిన వెంకన్న కాళ్లకు ఆకారం లేదు. నా ముఖం చెదిరింది, భయం మాత్రం తెలుస్తోంది. కదలకుండా ఉన్నది నా మోచేతి మీద అతని చెయ్యి ఒక్కటే. సుధ ఇలా అమర్చేది కాదు. అయినా ఆమె అడిగింది ఇదేనేమో అనిపిస్తుంది. అడిగినందుకు ఆమెకు, పరుగెత్తినందుకు అతనికి రుణపడి ఉన్నాను. ఒక ప్రింటు వెంకన్నకు పంపాను.

వెళ్లేవారికి ఒక మాట. ఆటోను ఒకవైపుకు కాక రానుపోను మాట్లాడుకోండి. డ్రైవరు అక్కడే ఉంటాడు.